ఆట యెవరిది?

తెలుగునాట ఆడపిల్లలు ఆటలెరుగనివారు కారు. వామనగుంటలు, అచ్చనగండ్లు, గవ్వలు, తొక్కుడుబిళ్ల తరతరములుగ వారి సొత్తు. వీనిలో వామనగుంటలాట చూచువారికి కాలక్షేపముగ తోచును గాని, ఆడువారికి తెలియును, అది లెక్కల ఆట. రెండు వరుసలుగ ఏడేసి గుంటలు, దోసెడు చింతగింజలు. ఏ గుంటనుండి గింజలు తీసి పంచినచో ఏ గుంటవద్ద చేయి ఆగునో, ఎదుటివారికి ఏమి మిగులునో ముందుగ మనస్సులో గణించుకొనినగాని చేయి కదపరాదు. ఎండవేళ వసారాలో కూర్చుండి ఎనిమిదేండ్ల మనుమరాలు అరువదియేండ్ల అమ్మమ్మను ఓడించిన ఇండ్లు కోకొల్లలు. ఆ బాలికకు గణనశక్తి లేదనిగాని, ఎత్తుకు పైయెత్తు వేయజాలదనిగాని నాడెవ్వరును అనలేదు.

ఇప్పుడు ఆటకు పీఠము మారినది. గుంటలపీట స్థానమున సెల్‌ఫోను, కంప్యూటరు తెర వచ్చినవి. వేరువేరు దేశముల యువజనులు జట్లుగ ఏర్పడి, ఇంటర్నెట్టు ద్వారా ఒకే ఆటలో తలపడుచున్నారు. నియమములు, న్యాయనిర్ణేతలు, శిక్షకులు, వ్యాఖ్యాతలు, వేలకొలది ప్రేక్షకులు, బహుమతి ధనము గల ఈ పోటీలనే లోకము ఈ-స్పోర్ట్స్ అని వ్యవహరించుచున్నది. ఈ ఆటకు దేహదారుఢ్యము ప్రధానము కాదు. చురుకైన చూపు, తొణకని చేయి, ఎదుటివారి ఆలోచనను పసిగట్టు బుద్ధి, తోడివారితో సమన్వయము కావలెను. ఈ గుణములు ఆడపిల్లలయందు లేనివి కావు. అయినను పెద్ద పోటీల వేదికలపై వారు బహు స్వల్పముగ కనిపించుచున్నారు. దీనికి హేతువేమి? సమాధానము తెరపై దొరకదు; ఇంటిలోను, బడిలోను వెదుకవలసియున్నది.

ముందుగ ఒక భ్రమ తొలగించుకొనుట అవసరము. తెలుగు తల్లిదండ్రులు అనేకులు ఫోనులో ఆట అనగనే రమ్మీని, పందెములను, అప్పులపాలైన కుటుంబములను తలచుకొందురు. వారి భయము నిరాధారము కాదు. డబ్బొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైను ఆటలను గూర్చి ఒక చట్టము చేసెను. 22వ తేదీన దానికి రాష్ట్రపతి ఆమోదము లభించెను. ఆ చట్టము రెండు పనులు చేసినది. డబ్బు పణముగా పెట్టు ఆటలను దేశమంతట నిషేధించినది. ఈ-స్పోర్ట్స్‌ను న్యాయసమ్మతమైన పోటీక్రీడగా గుర్తించినది. అంతకుముందే, 2022 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వము ఈ-స్పోర్ట్స్‌ను యువజన వ్యవహారములు, క్రీడల మంత్రిత్వశాఖ పరిధిలో చేర్చెను. అనగా జూదమునకును ఈ క్రీడకును నడుమ గీతను శాసనమే గీచినది. ఈ గీతను గుర్తింపక రెంటిని ఒక గాట కట్టువారు, తెలియకయే పిల్లలకు అన్యాయము చేసినవారగుదురు.

క్రీడగా దీని చరిత్ర చిన్నదైనను గణనీయమైనది. 2018లో జకార్తా ఆసియా క్రీడలయందు ఈ-స్పోర్ట్స్ ప్రదర్శనాంశముగ ప్రవేశించెను. అందు భారతీయుడైన తీర్థ్ మెహతా కాంస్యము పొందెను. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఇవి పతకముల పట్టికకెక్కినవి. 2024 ఏప్రిలులో ప్రధానమంత్రి ఈ రంగమున పేరొందిన యువజనులను ఏడుగురిని పిలిపించి మాటలాడెను. ఆ ఏడుగురిలో ఆడపిల్ల ఒక్కతెయే. ఆమె మధ్యప్రదేశమునకు చెందిన పాయల్ ధారే. ఆటను ప్రసారము చేయు వృత్తిలో ప్రసిద్ధురాలు. ఏడుగురిలో ఒకరు అను ఈ లెక్కయే ఇచ్చట విచారింపదగినది.

ప్రావీణ్యములో లోపమే దీనికి కారణమని తేల్చివేయుట సులభము. అనేకులు అట్లే తేల్చుచున్నారు. ఆ మాట నిలుచునా? 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ విషయమును పరీక్షించినది. అమెరికాలో ఒకటి, చైనాలో ఒకటి, రెండు ఆటలను ఎన్నుకొని, ఆడువారు ఏయే మెట్లు ఎంత వేగముగ ఎక్కిరో ఆటలో నమోదైన వివరములనుండియే లెక్కించిరి. పైపైన చూచినపుడు పురుషులు ముందున్నట్లు కనబడెను. ఆటకై గడపిన కాలమును సమముచేసి చూడగా స్త్రీలు పురుషులకేమాత్రమును వెనుకబడినట్లు తేలలేదు. భేదము బుద్ధిలో లేదు, చేతిలో లేదు. చేతికి చిక్కిన గంటలలో నున్నది. సంగీతమునకు సాధన ఎట్టిదో, ఈ ఆటకు గంటలట్టివి. పది గంటలు సాధన చేసినవానిని రెండు గంటలు చేసిన ఆమెతో పోల్చి, ఆమెకు స్వరజ్ఞానము లేదనుట ఎంత సబబో, ఇదియు అంతే.

ఆ గంటలు ఆడపిల్లకు ఎందుకు చిక్కవో తెలిసికొనుటకు భారతదేశపు లెక్కలు చాలును. 2023లో అసర్ సంస్థ గ్రామములలోని 14 మొదలు 18 ఏండ్లవారిని గూర్చి సర్వే జరిపినది. స్మార్టుఫోను దాదాపు అన్ని ఇండ్లకు చేరినదని అందు తేలెను. కాని ఫోను వాడుట వచ్చినవారిలో స్వంత ఫోను గలవారు బాలురలో నూటికి 43.7 కాగా, బాలికలలో 19.8 మాత్రమే. తెలుగు రాష్ట్రముల స్థితియు భిన్నము కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇంటర్నెట్టును ఒక్కసారియైన వాడినవారు ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 21, పురుషులలో సుమారు 49. తెలంగాణ స్త్రీలలో సుమారు 27, పురుషులలో 57. అటుపిమ్మట ఫోనులు మరింత వ్యాపించిన మాట నిజమే. కాని ఇంటిలో ఫోను ఉండుట వేరు, అది ఆడపిల్ల చేతికి వచ్చుట వేరు.

ఫోను వచ్చినను తీరిక రావలెను గదా! 2024లో కేంద్ర ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, జీతములేని ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు 289 నిమిషములు, పురుషులు 88 నిమిషములు వానికి వెచ్చించుచున్నారు. సాయంకాలము బడినుండి అన్నాచెల్లెండ్రు కలసి వత్తురు. అన్న సంచి పడవేసి ఫోను తీయును. చెల్లెలు సంచి పడవేసి అంట్లకు కూర్చుండును. రాత్రి ఆమెకు ఫోను దొరికినను, “ఎవరితో మాటలాడుచున్నావే?” అను ప్రశ్న వెంటనే వచ్చును. అన్నను ఆ ప్రశ్న అడిగినవారు లేరు. ఆమె ఆటలో వెనుకబడుట తెరపై జరుగలేదు. అంతకు రెండు గంటల ముందే, పెరటిలో జరిగినది.

అవరోధములన్నియు దాటి ఆడపిల్ల ముందుకు వచ్చినపుడు లోకమెట్లు స్వీకరించునో తెలుపు ఉదాహరణ దక్షిణ కొరియాలో కలదు. కిమ్ సెయాన్ అను బాలిక ‘గెగురి’ అను పేరుతో ఓవర్‌వాచ్ అను ఆట ఆడుచుండెను. కొరియా భాషలో ఆ మాటకు కప్ప అని అర్థము. 2016లో, పదునేడేండ్ల ప్రాయమున, ఆమె గురి ఎంత కచ్చితముగ నుండెననగా, ఎదుటి జట్టువారు అది మానవమాత్రులకు సాధ్యము కాదనిరి; దొంగ సాఫ్టువేరు వాడుచున్నదని నిందించిరి. ఇద్దరు ఆటగాండ్రు, తమ నింద అబద్ధమైనచో ఆట మానుకొందుమని ప్రతిన చేసిరి. ఆట నిర్మించిన సంస్థ పరిశీలించి ఆమె నిర్దోషియని తెలిపెను. అంతటితో పోలేదు. ఆమె కెమెరాల ఎదుట కూర్చుండి, తన చేతులు, తెర అందరికి కనబడునట్లు ఆడి చూపెను. నిందించినవారు ఆట విడిచిపోయిరి. 2018లో ఆమె షాంఘై డ్రాగన్స్ జట్టున చేరి, ఓవర్‌వాచ్ లీగులో అడుగిడిన ప్రథమ మహిళయయ్యెను. 2019లో టైమ్ పత్రిక రాబోవు తరపు నాయకుల పట్టికలో ఆమెను చేర్చెను.

ఈ కథను విజయగాథగ చెప్పి ఊరకుండుట చాలదు. బాలుడు బాగుగ ఆడినచో ప్రజ్ఞ యందురు. బాలిక బాగుగ ఆడినచో మోసమనిరి. సీత అగ్నిప్రవేశము పురాణకథలలో చదివిన జాతికి ఈ పరీక్ష స్వభావము వివరించి చెప్పనక్కరలేదు. ప్రజ్ఞ నిరూపించుకొనుటకు ఆటలో గెలిచిన చాలదనియు, గెలుపు తనదే యని మరల నిరూపించుకొనవలెననియు ఆ పదునేడేండ్ల పిల్లకు లోకము నేర్పినది.

అయినను తలుపులు ఒక్కొక్కటిగ తెరచుకొనుచున్నవి. 2018 ఫిబ్రవరిలో కెనడా దేశస్థురాలు సాషా హోస్టిన్ ‘స్కార్లెట్’ అను పేరుతో ఆడి, ప్యాంగ్‌చాంగ్‌లో జరిగిన స్టార్‌క్రాఫ్ట్ పోటీలో విజేతయయ్యెను. అంతటి పెద్ద స్టార్‌క్రాఫ్ట్ పోటీని అంతకుముందు ఏ మహిళయు గెలువలేదు. 2019 నవంబరులో చైనా యువతి లీ షియావోమెంగ్ హార్త్‌స్టోన్ అను ఆటలో ప్రపంచ పోటీ గెలిచి, 2,00,000 డాలర్ల బహుమతి పొందెను. అంతకు రెండేండ్ల ముందు ఒక పోటీవద్ద ఆమె తన వంతుకై వేచియుండగ, ఆడపిల్లలకు ఈ వరుసలో పనిలేదని ఒకడు పలికెనట. గెలిచిన రాత్రి ఆమె ఆ మాటనే జ్ఞాపకము చేసికొనెను. ఒక్క మాట ఎంతకాలము గుండెలో నాటుకొనునో ఉపాధ్యాయులు గుర్తింపదగిన విషయమిది. ఆమె వరుసనుండి తొలగలేదు. అట్టి మాట విని తొలగిపోయిన బాలికల పేర్లు ఏ పట్టికలోను ఉండవు.

ఆ మాటలనువారెవరు? 2015లో ప్రచురితమైన మరియొక అధ్యయనము దీనికి ఆసక్తికరమైన సమాధానమిచ్చినది. హేలో 3 అను ఆటలో తోటి ఆటగానిది స్త్రీ కంఠమైనపుడు, పురుష కంఠమైనపుడు ఇతరులెట్లు ప్రవర్తించిరో పరిశీలించిరి. స్త్రీ కంఠము విని పరుషముగ మాటలాడినవారిలో ఆటలో వెనుకబడిన పురుషులే ఎక్కువగ నుండిరి. చక్కగ ఆడువారు మర్యాదగ నుండిరి. కావున ఆడపిల్ల రాకవలన ఆట చెడునను వాదము ఆటవచ్చినవానినుండి పుట్టినది కాదు. తన స్థానము జారునను భయమునుండి పుట్టినది. ఈ భయమునకు మూల్యము బాలికలే చెల్లించుచున్నారు. పలువురు మగపేరు పెట్టుకొందురు; మైకు మూసి మౌనముగ ఆడుదురు. జట్టు ఆటలో మాటయే ప్రాణము. నోరు కట్టుకొని ఆడువారు ఒక చేయి కట్టుకొని ఆడినట్లే.

దీనికి ప్రతిక్రియగ స్త్రీలకు ప్రత్యేక పోటీలు ఏర్పడినవి. వాలొరాంట్ ఆట నిర్మాతలు 2021లో గేమ్ చేంజర్స్ అను పోటీవరుసను ఆరంభించిరి. దాని మొదటి ప్రపంచ పోటీ 2022లో బెర్లిన్ నగరమున జరిగెను. 2022లోనే కౌంటర్‌స్ట్రైక్ ఆటకు స్త్రీల లీగు ఒకటి వెలసినది. కాని ఆర్థికముగ నిలద్రొక్కుకొనలేదను కారణముతో 2025లో అది మూతపడెను. వ్యాపార లాభముపై మాత్రమే ఆధారపడిన ప్రోత్సాహము ఎంత చంచలమైనదో దీనివలన తెలియుచున్నది. అందుచేతనే బడి, ప్రభుత్వము ఈ విషయమున పూనుకొనవలసియున్నది.

ప్రత్యేక పోటీలు మంచివా, అందరికి ఒకే పోటీ మంచిదా అను వాదమొకటి కలదు. దీనికి చదరంగము చక్కని దృష్టాంతము. 2025లో రియాద్ నగరమున జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్పులో చదరంగమును చేర్చుటచే, అదియు ఈ కుటుంబములోనిదే యైనది. చదరంగమున స్త్రీలకు ప్రత్యేక పోటీలున్నవి. అందరి పోటీలలోను వారికి ప్రవేశమున్నది. హంగరీ దేశపు జూడిత్ పోల్గార్ అందరి పోటీలనే ఎన్నుకొని 2005లో ప్రపంచమున ఎనిమిదవ స్థానమునకు చేరెను. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, పదునైదేండ్ల ప్రాయమున, 2002లో గ్రాండ్‌మాస్టరై పోల్గార్ రికార్డును దాటెను. 2019లోను, 2024లోను స్త్రీల ప్రపంచ ర్యాపిడ్ పోటీ గెలిచెను. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక 2024లో బుడాపెస్టు ఒలింపియాడున స్వర్ణము గెలిచిన భారత మహిళల జట్టులో నుండెను. ప్రత్యేక పోటీ మెట్టువంటిది. మెట్టు ఎక్కుటకే గాని నివసించుటకు కాదు. అట్లని మెట్టు తీసివేసి, మేడపైకి రమ్మనుటయు న్యాయము కాదు.

తెలుగువారికి మరియొక నిదర్శనము చాల దగ్గరలోనే ఉన్నది. శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత మహిళయయ్యెను. స్త్రీల వెయిట్‌లిఫ్టింగును ఒలింపిక్సులో మొదటిసారి చేర్చినది ఆ సంవత్సరముననే. అంతకుముందు ఆ బలము ఆమె చేతులలో లేకపోలేదు. 1994, 1995 సంవత్సరములలోనే ప్రపంచ విజేతగ నిలిచినది. ఒలింపిక్ ద్వారము మాత్రము తెరచియుండలేదు. ద్వారము తెరచినవెంటనే పతకము వచ్చినది.

ఇక జీవనోపాధి విషయము. ఇచ్చట ఉపాధ్యాయులు పిల్లలకు నిజము చెప్పవలెను. ఆడి జీవించువారు కొలదిమంది. ఆ వృత్తి ఆయుర్దాయమును తక్కువ. ఇరువదులలోనే విరమించువారు పెక్కురు. చదువు మాని ఆటనే నమ్ముకొమ్మని చెప్పుట హితవు కాదు. కాని క్రికెట్టు చూచి ఇష్టపడిన ప్రతి బాలుడును టెస్టు ఆటగాడు కానట్లే, ఈ రంగమున ఆటగాండ్ర వెనుక అనేక వృత్తులున్నవి. శిక్షణ, ఆటల విశ్లేషణ, వ్యాఖ్యానము, పోటీల నిర్వహణ, ప్రసారము ఒకవైపు. ఆటల రచన, చిత్రలేఖనము, సంగీతము, ప్రోగ్రామింగు, పరీక్షించుట మరియొకవైపు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి ఆటల సంస్థకు హైదరాబాదులోనే కార్యాలయము కలదు. చక్కని తెలుగు ఉచ్చారణ, సమయస్ఫూర్తి గల విద్యార్థిని తెలుగున వ్యాఖ్యానము చెప్పలేదా? కథ అల్లనేర్చినది ఆటకు కథ అల్లలేదా? ఈ నిర్మాణ రంగమున స్త్రీలు తొలినాళ్లనుండియు కలరు. 1981లో సెంటిపీడ్ ఆటను రూపొందించినవారిలో డోనా బెయిలీ ఒకరు. 1982లో రివర్ రెయిడ్ ఆటను రచించినది కేరల్ షా. అయితే ఆడని ఆటను రచించుట కష్టము. బాలికకు ఆట నిరాకరించినవారు, ఆ వృత్తులన్నిటికి మొదటి మెట్టునే నిరాకరించుచున్నారు.

ఆటవలన కీడు లేదని ఎవ్వరును అనరాదు. ఆటను అదుపుచేసికొనలేకపోవుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల వర్గీకరణలో చేర్చెను. 2022నుండి ఆ వర్గీకరణ అమలులోనికి వచ్చెను. నిద్ర చెడుట, చదువు కుంటుపడుట, అపరిచితులు మాట కలుపుట, ఆటలో వస్తువులు కొనుటకై డబ్బు పోవుట, ఇవన్నియు నిజమైన ప్రమాదములే. కాని ఇవి బాలురకును సమానములే గదా! ప్రమాదము పేర బాలునకు హద్దు గీచి, బాలికకు తలుపు మూయుట నీతి కాదు. ఇరువురకు ఒకే హద్దు, ఒకే జాగ్రత్త ఉండవలెను. ఈత నేర్పనిచో నీటి భయము తప్పునా? నేర్పువారు ఒడ్డున నిలిచియుండుటయే రక్ష.

ఆ ఒడ్డు బడియే కాదగును. ఇందులకు గొప్ప ధనము అక్కరలేదు. కంప్యూటరు గదియున్న బడిలో వారమునకొక గంట చాలును. పాత యంత్రములపైనను చదరంగము నడచును. ఆ గంట బడివేళలోనే ఉండవలెను. బడి వదలిన పిమ్మట పెట్టినచో బస్సు వేళయని, ఇంటిపనియని ఆడపిల్లలు వెళ్లిపోవుదురు. గది మరల బాలురదే యగును. వయస్సునకు తగిన ఆటలనే ఎన్నుకొనవలెను. తుపాకి ఆటలు చిన్నపిల్లలకు తగవు. జట్లలో బాలికలు, బాలురు కలసియుండవలెను. నాయకత్వము వంతులవారీగ మారవలెను. లేనిచో బాలుడు మౌసు పట్టుకొనును, బాలిక స్కోరు వ్రాయును. స్వంత పేరు, ఛాయాచిత్రము, ఊరు అపరిచితులకు తెలుపరాదనియు, డబ్బు ప్రసక్తి వచ్చిన క్షణముననే ఆట ఆపవలెననియు మొదటి పాఠముగ నేర్పవలెను. పరుషముగ మాటలాడినవాడు ఆ వారము ఆటనుండి తొలగవలెను. విన్న బాలిక తొలగరాదు. ఉపాధ్యాయులు తామును ఒక ఆట నేర్చుకొని, విద్యార్థినుల చేతిలో ఒకసారి ఓడిపోయినచో అంతకుమించిన ప్రోత్సాహముండదు.

పాఠశాల ఎంత చేసినను సాయంకాలపు గంటలు ఇంటివే. అన్నాచెల్లెండ్రు ఇద్దరును అంట్లు తోమి, ఇద్దరును ఆడుకొను ఇంటిలో ఈ సమస్య సగము తీరును. ఈ మాట తల్లిదండ్రుల సమావేశమున చెప్పుటకు ఉపాధ్యాయులు సంకోచింపనక్కరలేదు. ఆనాడు వసారాలో మనుమరాలితో వామనగుంటలాడుటకు అమ్మమ్మ తన పని ప్రక్కన పెట్టినది. పిల్ల పని కూడ కొంతసేపు ప్రక్కన పెట్టనిచ్చినది. ఆ పిల్ల గెలుపునకు మూలమదియే. పీటకు బదులు తెర వచ్చినది. గింజలు పిల్ల చేతికిచ్చి ఎదుట కూర్చుండు పెద్దల అవసరము మాత్రము ఆనాటివలెనే ఉన్నది.